నీటి అడుగున కాపురమున్న గురువులు

ధ్యానభాగము: యెహెజ్కేలు 3:12–15, యోహాను 1:14



యెహెజ్కేలు గ్రంథములోని మొదటి మూడు అధ్యాయములు చదివినవారికి చక్రములును, రెక్కలును, తెరువబడిన ఆకాశమును జ్ఞాపకముండును. మూడవ అధ్యాయము పదునైదవ వచనము మాత్రము సాధారణముగా ఎవరికిని జ్ఞాపకముండదు. అంత గొప్ప దర్శనము చూచిన ప్రవక్త, దేవుని మాటలు వ్రాసిన గ్రంథపుచుట్టను తిన్న ప్రవక్త, చెరలోనున్న తన జనులయొద్దకు వెళ్లి మొదట ఏమి చేసెను? ప్రసంగము చేయలేదు. వారు కాపురమున్న తేలాబీబునకు పోయి, వారి నడుమ కూలబడి, ఏడు దినములు నోరు మెదపక ఉండెను. ఆ ఏడు దినములు గడచిన పిమ్మటనే ప్రభువు వాక్కు మరల అతనికి కలిగెను.

ఆ ఊరు కెబారు నది యొద్ద ఉండెను. నది యని మన బైబిలులో ఉన్నను, అది బబులోను దేశమున నిప్పూరు పట్టణ ప్రాంతమున త్రవ్విన పెద్ద కాలువ యని పండితులు చెప్పుదురు. కాలువగట్టున కాపురముండుట యెట్టిదో మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. బెజవాడ ఆనకట్ట కట్టిన నాటినుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ గట్లమీదనే మన తాత ముత్తాతలు పుట్టి పెరిగిరి. పడవలో సాగిపోవువానికి గట్టుమీది గుడిసెలు కనబడును గాని, ఆ గుడిసెలో రాత్రి పొయ్యి వెలిగినదో లేదో కనబడదు. అది తెలియవలెనన్న పడవ దిగవలెను. దిగి ఆ రాత్రికి అక్కడనే ఉండవలెను.

ఈ వచనమును ధ్యానించుచుండగా, అమెరికా దేశమున ఫ్లోరిడా దక్షిణపు కొననున్న కీ లార్గో అను దీవి దగ్గర 2014లో జరిగిన సంగతి యొకటి మా మనస్సునకు వచ్చెను. అది గుడికి సంబంధించినది కాదు, బడికి సంబంధించినది. అయినను మన సంఘములలో బిడ్డలకు బోధించువారందరును దానిని తెలిసికొనుట మంచిదని తలంచి ఇక్కడ వ్రాయుచున్నాము.

ఫాబియన్ కూస్టో అను నతడు ఆ సంవత్సరము జూన్ 1వ తేదీ మొదలు జూలై 2వ తేదీ వరకు, 31 దినములు సముద్రము అడుగున నివసించెను. ఈయన తాతగారైన జాక్ కూస్టో 1963లో ఎర్రసముద్రములో నీటి క్రింద ఇల్లు నిలిపి, అందులో మనుష్యులు నెల దినములు ఉండగలరని లోకమునకు చూపినవాడు. మనుమడు ఉన్న ఇంటి పేరు అక్వేరియస్. తీరమునకు 5 కిలోమీటర్లకు పైబడిన దూరమున, సుమారు 60 అడుగుల లోతున, పగడపు దిబ్బ ప్రక్కనే నిలిపిన ఉక్కు ఇల్లు అది. పొడవు 43 అడుగులు. ఆరుగురికి మాత్రమే పడకలు. ఆ ఇంటి కిటికీ దగ్గర కూర్చుండి ఆయన వేర్వేరు దేశములలోని బడిపిల్లలతో తెరమీద ముఖాముఖిగా మాటలాడెను. వారు అడిగిన ప్రశ్నలకు అప్పటికప్పుడే జవాబులు చెప్పెను. గాజునకు అవతల చేపలు తిరుగుచుండెను; పగడపు దిబ్బ అక్కడనే ఉండెను.

అదే సంవత్సరము అక్టోబరు 3 మొదలు డిసెంబరు 15 వరకు, టెన్నెస్సీ రాష్ట్రములోని రోన్ స్టేట్ కమ్యూనిటీ కళాశాల ఉపాధ్యాయులు బ్రూస్ కాంట్రెల్, జెస్సికా ఫెయిన్ అనువారిద్దరు 73 దినములు అదే దీవిలో, మడచెట్ల ప్రక్కనున్న నీటిమడుగు అడుగున వేరొక చిన్న ఇంటిలో ఉండి, తమ విద్యార్థులకు జీవశాస్త్రము బోధించిరి. 2023లో జోసెఫ్ డిటూరి అను ఆచార్యుడు ఆ ఇంటిలోనే 100 దినములుండి తన పాఠములు చెప్పెను.

పుస్తకము చూచి చెప్పరాదా, ఇంత కష్టమెందుకు అని మీరు అడుగవచ్చును. పోనీ, దిగి చూచి, పైకి వచ్చి చెప్పరాదా? దీనికి జవాబు ఆ లోతు సంగతి తెలిసినవారు ఇట్లు చెప్పుదురు. పైనుండి దిగి వచ్చు గజఈతగాడు 60 అడుగుల లోతున సుమారు ఒక గంట మాత్రమే క్షేమముగా ఉండి పైకి రాగలడు. గంట దాటినయెడల ప్రాణమునకు ముప్పు. అక్కడనే కాపురమున్నవాడు దినమునకు 9 గంటల వరకు దిబ్బ యొద్ద పని చేయగలడు. లోతు ఒక్కటే, నీరు ఒక్కటే, మనుష్యుడును ఒక్కడే. వచ్చి పోవువానికి ఒక గంట, ఉండువానికి తొమ్మిది గంటలు.

ఇక ఆ పగడమును గూర్చి కొంత చెప్పవలెను. మన యాడవారు మెడలో వేసికొను ఎర్రని పగడము వేరు; దిబ్బలు కట్టు పగడము వేరు. యోబు 28వ అధ్యాయములో జ్ఞానపు విలువకు సాటిరాని వస్తువులను లెక్కించుచోట పగడముల పేరును వచ్చును. దిబ్బ కట్టు పగడము రాయి కాదు, చెట్టు కాదు; బహు చిన్న జీవులు ఒకదానినొకటి అంటుకొని కాపురముండు ఊరు. ఒక్కొక్క జీవి తన క్రింద కొంచెము సున్నపురాయిని కట్టును. అది చనిపోయిన తరువాత దానిమీద మరియొకటి కట్టును. గుండ్రాళ్లవలె పెరుగు జాతులు సంవత్సరమునకు ఒక సెంటీమీటరు పెరిగిన గొప్ప. అట్లు వేల సంవత్సరములలో ఓడలను పగులగొట్టగల దిబ్బలు లేచును. సజీవమైన రాళ్లను గూర్చి పేతురు వ్రాసిన మాట ఇక్కడ అందరికిని తట్టును గనుక దానిని మేము విస్తరింపము.

మేము ముఖ్యముగా చెప్పగోరునది వేరొకటి. ఈ జీవులలో అధిక భాగము పగలు ముడుచుకొని యుండును. పగటివేళ వచ్చి చూచువానికి రంగు వేసిన రాయివలె కనబడును. చీకటి పడిన తరువాత అవి తమ చిన్న చేతులను చాచి, నీటిలో కొట్టుకొనివచ్చు ఆహారమును పట్టుకొనును. చాల జాతులు సంవత్సరమునకు ఒకమారు, పున్నమి దాటిన కొన్ని రాత్రులలో, అన్నియు ఒక్కసారిగా తమ గ్రుడ్లను నీటిలోనికి విడుచును. ఆ రాత్రి అక్కడ లేనివాడు మరల ఒక సంవత్సరము కనిపెట్టవలెను.

మన పల్లెలును ఇట్టివే కావా? నాట్ల కాలమున పగలు పదిగంటలకు పాదిరిగారు పల్లెకు వచ్చినయెడల ఏమి చూచును? గొళ్లెము వేసిన తలుపులు, ముసలివారు, కోళ్లు. "ఈ పల్లెలో భక్తి తక్కువ" అని పుస్తకములో వ్రాసికొని పోవును. చీకటి పడి, కూలిజనము ఇల్లు చేరి, స్నానములు చేసి, అన్నము వండుకొనిన తరువాత ఆ పల్లె తెరచుకొనును. అప్పుడు పాట వినబడును, తగవు వినబడును, త్రాగి వచ్చిన వాని కేకయు వినబడును. బిడ్డ జ్వరముతో ఉన్నదని తల్లి వచ్చి చెప్పును. ఆదివారము ఒక గంట చూచినవానికి ఇవి తెలియవు. ఇది ఒకరిని నిందించుటకు వ్రాసినది కాదు. ఆ లోతునకు ఉన్న నియమమట్టిది.

పోయిన వేసవిలో సండేస్కూలు పిల్లలకు ఈ నీటి అడుగు బడి సంగతి చెప్పితిమి. ఆ ఇంటికి తలుపు నేలలో ఉన్నదనియు, దానికి మూత వేయరనియు, ఆ రంధ్రము గుండనే మనుష్యులు సముద్రములోనికి దిగి మరల లోపలికి వత్తురనియు చెప్పగా, ఒక పిల్ల లేచి, "తలుపు మూయకపోతే నీళ్లు లోపలికి రావా అయ్యగారూ?" అని అడిగెను. ఒక స్టీలు గ్లాసు అడుగున కాగితపు ఉండను కుక్కి, బోర్లించి, తిన్నగా నీళ్ల తొట్టిలోనికి ముంచి పైకి తీసి, ఆ కాగితమును ఆ పిల్ల చేతికిచ్చితిమి. అది తడియలేదు. గ్లాసులోని గాలి నీటిని లోపలికి రానీయలేదు. ఆ సముద్రపు ఇంటిలోను ఇంతే. వెలుపలి నీరు ఎంత బలముతో నెట్టునో లోపలి గాలిని అంత బలముతో నింపుదురు. మనము పీల్చు గాలికి రెండున్నర రెట్ల ఒత్తిడి అక్కడ ఉండును. తలుపు తెరచియున్నను సముద్రము గడప దగ్గర నిలిచిపోవును.

ఆ గాలి అక్కడ పుట్టినది కాదు. పైన నీటిమీద తేలుచున్న ఒక బోయ నుండి గొట్టములద్వారా అది క్రిందికి వచ్చును. కరెంటును, మాటలును ఆ దారినే వచ్చును. యోహాను 17వ అధ్యాయములో మన ప్రభువు తన వారిని లోకములోనుండి తీసివేయుమని తండ్రిని అడుగలేదు, వారిని దుష్టునినుండి కాపాడుమని అడిగెను. ఆ ప్రార్థనను మేము అనేక పర్యాయములు చదివితిమి గాని, ఆ తడియని కాగితమును పిల్ల చేతిలో చూచిన దినమున దాని యర్థము మరింత తేటయైనది. పల్లెలో కాపురముండుటకు భయపడువాడు తలుపు మూసికొనును. పైనుండి గాలి వచ్చుచున్నదని యెరిగినవాడు తలుపు తెరచి ఉంచును. యెహెజ్కేలును తేలాబీబునకు తెచ్చినది ఆత్మయేనని పదునాలుగవ వచనము చెప్పుచున్నది. తన గుండె ధైర్యముతో అతడు అక్కడ కూర్చుండలేదు.

అటుపైని ఒక పిల్లవాడు, "మరి వాళ్లకి ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తే?" అని అడిగెను. వెంటనే పోవుటకు వీలులేదు. ఆ ఒత్తిడిలో దినముల తరబడి ఉన్నవాని నెత్తుటిలోను కండలలోను గాలి కరగియుండును. గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు ఎట్లు పొంగునో, అతడు ఒక్కసారిగా పైకి వచ్చినయెడల ఆ గాలి అట్లు దేహములో పొంగి ప్రాణము తీయగలదు. కావున లోపలి ఒత్తిడిని సుమారు 17 గంటలసేపు మెల్లమెల్లగా తగ్గించి, ఆ తరువాతనే పైకి పంపుదురు. తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చినను అంతే. ఆ పనిలో ప్రాణములు పోయిన దినములును ఉన్నవి; 2009లో అక్వేరియస్ దగ్గర పనిచేయుచు ఒక గజఈతగాడు మరణించెను. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెనని యోహాను వ్రాసినప్పుడు, ఆ నివాసము వచ్చి చూచి పోవునట్టిది కాదు. బేత్లెహేములో దిగినవాడు సిలువ మీదనుండి దిగి రమ్మని వారు కేకలువేసినను దిగలేదు. ఫిలిప్పీయులకు 2వ అధ్యాయములో పౌలు ఆ దిగుటను మెట్టు వెంబడి మెట్టుగా లెక్కించును.

పిల్లల ప్రశ్నలు అంతటితో ఆగలేదు. వెనుక వరుసలో నున్న ఒకడు, "మరి మీరు మా పల్లెలో ఎందుకు ఉండరు అయ్యగారూ?" అనెను. ఒక పెద్ద వానిని గద్దించెను. గద్దింపవద్దని మేము చెప్పితిమి. ఏలయనగా అది ఆ దినమున అడిగిన ప్రశ్నలన్నిటిలో శ్రేష్ఠమైనది. మా పాస్టరేటులో ఆరు గ్రామములు గలవు. ఒక మనుష్యుడు ఆరు ఊళ్లలో కాపురముండలేడు. కాబట్టి, ఆ ఊరిలో ఉన్న వారిలోనుండియే బోధించువారు లేవవలెను. వేరు మార్గము మాకు కనబడుట లేదు.

ఇది క్రొత్త మాటయును కాదు. 1841లో నోబుల్ దొరగారు బందరులో దిగి, 1843లో అక్కడ బడి తెరచి, 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన బడికి పిల్లలు నడచి వచ్చిరి. మన పల్లెలకు సువార్త నడచి వచ్చినది మాత్రము వేరొక దారిని. కృష్ణా ప్రాంతపు రాఘవాపురములో మాల కులస్థుడైన పగోలు వెంకయ్యగారు 1859లో డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొంది, తన వారి నడుమనే ఉండి, తన వారితోనే మాటలాడెను. దొరగారికి తెలియని వాకిళ్లు వెంకయ్యగారికి తెలియును. ఏ యింట ఎవరు ఎందుచేత ఏడ్చుచున్నారో అడుగకయే తెలియును. అటుతరువాత మిషను దినములలో పల్లెకొక ఉపదేశి ఉండెడివాడు. పగలు బడి, రాత్రి ప్రార్థన; పల్లె త్రాగు నీరే అతడును త్రాగెను. అనేక స్థలములలో ఆ బడులు మూతపడినవి. ఉపదేశి యిల్లు కూలిన చోట నేడు గోడ మాత్రము నిలిచియున్నది.

ఇప్పుడు ఫోను ఉన్నది గదా అని కొందరు చెప్పుదురు. 2020లో కరోనా వలన బడులు మూసినప్పుడు పాఠములు ఫోనులో వచ్చినవి. పెద్ద పట్టణముల బోధకుల ప్రసంగములు ఏ రాత్రియైనను వినవచ్చును. తెరను మేము దూషింపము. ఆ సముద్రపు గురువుల పాఠములును తెరమీదనే పిల్లలకు చేరినవి. పిల్లలు పొడి నేలమీదనే కూర్చుండిరి. అయితే తెరకు ఆవలి వైపున గురువు ఎక్కడ కూర్చున్నాడు అనునది చూడవలెను. వారు పగడపు దిబ్బ యొద్ద కూర్చుండి పగడమును గూర్చి చెప్పిరి. మన బిడ్డల కష్టమును ఎన్నడును చూడనివాడు మన బిడ్డల కష్టమును గూర్చి ఎంత ఇంపుగా మాటలాడినను, సముద్రపు ఒడ్డున అంగడిలో అమ్మిన పగడపు ముక్కవలెనే యుండును. అది తెల్లగా, అందముగా ఉండును, ప్రాణముండదు. (అట్టి పగడములను తీసి అమ్ముట మన దేశమున నేరము. 2001 నుండి వాటిని వన్యప్రాణుల చట్టము క్రిందికి తెచ్చిరి.)

ప్రాణముతో ఉన్న పగడమునకు రంగునిచ్చునది దాని దేహములో కాపురముండు బహు సూక్ష్మమైన నాచు. ఆ నాచు ఎండను పట్టి ఆహారము చేసి పగడమునకు పెట్టును. నీరు మితిమీరి వేడెక్కినయెడల ఆ నాచు పగడమును విడిచిపోవును. పగడము పాలిపోయి తెల్లబడును. 2023 వేసవిలో ఆ ఫ్లోరిడా దీవుల చుట్టును ఈలాగు జరిగినది. 2024లో మన లక్షద్వీపములలోను జరిగినది. అయితే తెల్లబడిన పగడము అప్పుడే చచ్చినది కాదని గమనించుడి. కొన్ని వారములలోగా నీరు చల్లబడినయెడల నాచు మరల చేరి అది బ్రదుకవచ్చును. ఆలస్యమైనయెడల ఆకలితో చచ్చును.

మన పిల్లలలో పాలిపోయినవారిని ఎవరు మొదట గుర్తుపట్టుదురు? రెండు వారములనుండి పాట పాడని పిల్ల, బడి మానిపించి రొయ్యల చెరువు పనికి పంపబడిన పిల్లవాడు, తండ్రి త్రాగుడు చూచి తానును గుడిసె వెనుక సీసా రుచి చూచినవాడు: వీరి పేర్లు పాదిరిగారి రిజిస్టరులో హాజరు అనియే ఉండును. ప్రక్కింటివారికి మాత్రము తెలియును. ప్రక్కింటివారు సండేస్కూలు టీచరైనయెడల ఆ పిల్ల తెల్లబడిన వారములోనే ఒకరు వెళ్లి పలుకరింతురు. మా పరిచర్యలో మేము చూచినంతవరకు, ఆ వారము దాటిన తరువాత వెళ్లినప్పుడు మాట చాల కష్టమగును.

ఇక్కడ ఒకటి చెప్పవలెను. మన కృష్ణ సముద్రములో కలియు హంసలదీవి దగ్గర పగడపు దిబ్బలు లేవు. పగడమునకు తేటనీరు, ఉప్పునీరు, ఎండ కావలెను. మన నది మంచినీటిని, ఒండ్రును మోసికొనివచ్చి అక్కడ పోయుచున్నది. మన దేశమున మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు పగడములకు ముఖ్య స్థానములు. దేవుడు మన బురదలో మడచెట్లను నాటెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన దివిసీమ పెద్దలకు, అలకు అడ్డు నిలుచు చెట్టు విలువ తెలియును. పగడపు దిబ్బ తన తీరమున చేయు పనిని మడచెట్టు మన తీరమున చేయును. కాబట్టి, పెద్ద చదువులు చదివిన టీచర్లు మా పల్లెలో ఎక్కడ దొరకుదురని అడుగువారితో మేము చెప్పునది ఇదే: మీ నీటిలో ఏది పెరుగునో దానిని చూడుడి.

మా పాస్టరేటులోని ఒక లంకపల్లెలో నాట్లకును కలుపులకును పోవు సహోదరి యొకతె ఉన్నది. ఏడవ తరగతి వరకు చదివినది. వెనుకటి క్రిస్మసు నుండి శనివారము రాత్రులు తన యింటి అరుగుమీద పిల్లలను కూర్చుండబెట్టి ఒక కథ చెప్పి, ఒక పాట నేర్పి, ప్రతివాని ఇంటి సంగతి అడిగి పంపుచున్నది. మొదట నలుగురు వచ్చిరి; ఇప్పుడు పదునలుగురు వచ్చుచున్నారు. ఆమె చెప్పు కథలలో యోసేపు ఒక్కొక్కప్పుడు మన లంకలో మేకలను మేపును. సంఘ పెద్దలలో కొందరు దీనిని గూర్చి మాకు ఫిర్యాదు చేసిరి. మేము వెళ్లి ఒక రాత్రి వెనుక కూర్చుండి వింటిమి. యోసేపు గోతిలో పడునప్పటికి ఒక్క పిల్లవాడును కదలలేదు.

ఆమె మమ్మును అడిగినవి రెండు: పెద్ద అక్షరముల బైబిలు ఒకటి, కరెంటు పోయిన రాత్రులకు చార్జింగు దీపము ఒకటి. బైబిలు పోయిన నెల అందినది. దీపము ఇంకను కావలెను.